మూడు మిల్లీమీటర్ల సందు

బ్రూక్‌ఫీల్డ్, బెంగళూరు
9 ఫిబ్రవరి 2025

నవ్యకు,

ఈ రోజు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఒకటే. మధ్యాహ్నం భోజనాల దగ్గర మీ నాన్న పెరుగు వడ్డించుకుంటూ, "అమ్మా, నవ్య బోటు కింద పలక ఇరిగిపోయిందంట" అన్నాడు, కుళాయి వాషరు పోయిందన్నంత తేలిగ్గా. ఎప్పుడురా అంటే పోయిన వారం అన్నాడు. వారం రోజులు ఆ సంగతి మీ నాన్నకు తెలుసు, మీ అమ్మకు తెలుసు. పదకొండేళ్ళు రిజర్వాయరులో ఆ తెరచాప పడవ ముందుభాగంలో కూర్చున్న నాకు మాత్రం తెలియదు.

నీవు ఫోన్ చేశావు, నిజమే. ఫోన్‌లో నీవు చెప్పే దాంట్లో సగం నాకు వినపడదు. వినపడిన సగానికి నాకు కోపం వస్తుంది. అందుకని కాగితం మీద అడుగుతున్నాను, కాగితం మీదనే జవాబు రాయి.

మొదటి ప్రశ్న: పలక పైనుంచి ఎన్ని సెంటీమీటర్ల దగ్గర విరిగింది? రెండవది: పలక ఇమిడే పెట్టెకు దెబ్బ తగిలిందా? మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: అడుగున రాయి తగిలినప్పుడు పలక పైకి లేచిందా, లేదా? లేవకపోతే ఎందుకు లేవలేదు?

మీ తాత ఆ పలకను ఇరుసు మీద ఊగేటట్టు చేసింది ఇందుకే కదా. గాలి పక్కనుంచి తోసినప్పుడు పడవ జారిపోకుండా అడుగున నీళ్ళను పట్టుకోవాలి. లోతు తగ్గి కింద ఏదైనా తగిలితే తనంతట తాను పెట్టెలోకి ముడుచుకోవాలి. ముడుచుకోలేదంటే నడిపే మనిషి తాడు బిగించి కట్టేసి, పరధ్యానంగా ఉండి ఉండాలి. సముద్రం ఎంత మేర తీరాన్ని కోసిందో మిల్లీమీటర్లలో కొలిచే ఉద్యోగం నీది. కాళ్ళ కింద ఎంత లోతుందో చూసుకోలేదా?

పోయిన నవంబరులో 'తూనీగ'ను లారీ ఎక్కించి నీకు పంపినప్పుడు ఆ పలక కొంచెం కూడా ఊగకుండా నేనే స్వయంగా సర్దాను. పదకొండేళ్ళు టకటకలాడిన పలక ఆ రోజు చప్పుడు చేయలేదు. అంత భద్రంగా అప్పగించిన వస్తువు మూడు నెలలు నిలవలేదు.

ఇక్కడ అందరూ క్షేమం. తొమ్మిదో అంతస్తులో గాలి బాగానే వస్తుంది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియదు.

ఇట్లు,
సుబ్బలక్ష్మమ్మ


కుందాపుర
19 ఫిబ్రవరి 2025

అవ్వా,

నీ ఉత్తరం చేరింది. కవరు మీద నీ అక్షరాలు చూసి పోస్ట్‌మ్యాన్ నిలబడి, "ఇది ప్రింటు కాదా?" అని అడిగాడు.

పలక పైనుంచి నలభై ఒక్క సెంటీమీటర్ల దగ్గర అడ్డంగా విరిగింది. కింది ముక్క కొట్టుకుపోతుంటే షెడ్డు యజమాని భుజంగరావుగారు దోనెలో వెళ్ళి పట్టి తెచ్చారు. పెట్టెకు వెనక మూల అతుకు జానెడు పొడవున చీలింది. దాంట్లోంచి నీరు లోపలికి వస్తోంది. ఉప్పు పోయేలా మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాను. చీలిక తెరిచి, శుభ్రం చేసి, రెజిను నింపి, పైన ఫైబరు బట్ట వెయ్యాలి. అది నేను చేసుకోగలను. పలక చేసేవాళ్ళు మాత్రం ఇక్కడ లేరు. ఈ ఊళ్ళో అన్నీ ఇంజన్ పడవలే, వాటికి సెంటర్‌బోర్డు ఏమిటో తెలియదు.

తప్పు నాదే.

ఇంకో సంగతి. మే 25 కల్లా షెడ్డు ఖాళీ చెయ్యాలి. వానలు మొదలయ్యే లోపల భుజంగరావుగారు తన పడవలను లోపలికి లాక్కుంటారు. అప్పటికి తూనీగ నీళ్ళలో నడిచే స్థితికి రాకపోతే, మంగళూరు దగ్గర పిల్లలకు తెరచాప పడవలు నేర్పే శిబిరం ఒకటుంది, వాళ్ళకు ఇచ్చేస్తాను. వాళ్ళు బాగుచేసుకుంటారు.

చెవి మిషను పెట్టుకో అవ్వా. పెట్టెలో ఉంచితే అది ఎవరి మాటలు వింటుంది?

నవ్య


బ్రూక్‌ఫీల్డ్
27 ఫిబ్రవరి 2025

నవ్యకు,

మొదటి ప్రశ్నకు, రెండవ ప్రశ్నకు జవాబులు సరిగ్గా ఉన్నాయి. మూడవదానికి లేదు. "తప్పు నాదే" అన్నది జవాబు కాదు, నాపై విసిరి పారిపోవడం. మళ్ళీ అడుగుతున్నాను: పలక లేచిందా, లేదా?

పడవను ఇచ్చేస్తానన్న మాట నేను చదవనట్టే ఉంటాను. మీ తాత పోయి ఎనిమిది నెలలే అయింది.

నిన్న వర్తూరుకు వెళ్ళాను, రామాంజినప్ప కొయ్యపని కొట్టుకు. మీ తాతతో పాటు ఫ్యాక్టరీలో అచ్చులు చెక్కిన మనిషి, నీకు గుర్తుండే ఉంటాడు. తూనీగకు పక్కబద్దలు వంచింది అతనే. బస్సు చెరువు కట్ట మీదుగా పోయింది. మీ తాత చిన్నప్పుడు ఆ చెరువులో ఈదేవారు. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. అద్దం దించాను, అంతే.

మీ తాత ప్లైవుడ్ మీద కోసి పెట్టిన పలక అచ్చును బాల్కనీనుంచి తీసి, పాత దుప్పట్లో చుట్టి నేనే మోసుకుపోయాను. రామాంజినప్ప దాని అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చాడు. తరువాత, "మంచి టేకుముక్క ఉండాది టీచరమ్మా, అన్న కోసమని ఎత్తి పెట్టినదే" అన్నాడు.

పెట్టె సందు వెడల్పు ఇరవై రెండు మిల్లీమీటర్లు. మీ తాత పలకను పందొమ్మిదే పెట్టారు, మూడు వదిలేశారు. ఆ మూడు మిల్లీమీటర్ల కారణంగా పదకొండేళ్ళు ఆ టకటక భరించాను. నోటుబుక్కులో గాలి దిక్కు రాసుకుంటుంటే పంటి కింద రాయిలాగ ఉండేది. ఎన్నిసార్లు చెప్పినా, "మాట్లాడతా ఉండాదిలే సుబ్బూ, దానికీ ఒక నోరు ఉండనీ" అని నవ్వేవారు. ఈసారి కొలత నాది. ఇరవై ఒకటిన్నర చెయ్యమన్నాను.

రామాంజినప్ప పెన్సిలు చెవిలో పెట్టుకున్నాడు. "అంత బిగువు పెడితే ఎట్లమ్మా? నీళ్ళు తాగితే కొయ్య ఉబ్బుతాది. ఆడేకి సందు ఇడవల్ల."

"అర మిల్లీమీటరు ఉంది కదప్పా."

"అర అంటే దోమ కాలు దూరదు తల్లీ."

"దోమలకు కాదు నేను చేయించేది" అన్నాను. అతను పెన్సిలు తీసి కొలత రాసుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, కొలత ఎలా తీయాలో నాకు తెలుసు.

పలక మార్చి పన్నెండున బస్సు పార్సెలులో వస్తుంది. దగ్గరుండి దించుకో.

సుబ్బలక్ష్మమ్మ


కుందాపుర
21 మార్చి 2025

అవ్వా,

పలక చేరింది. చాలా అందంగా ఉంది. రామాంజినప్ప తాత అంచులు చేప వీపులాగ చెక్కాడు. ఇక్కడ అందరూ చెయ్యి పెట్టి తడిమి చూశారు.

పెట్టె అతుకు మూసేశాను. నీరు రావడం లేదు. పలకను ఇరుసుకు ఎక్కించి పడవను నీళ్ళలో దించాం. మొదటి రోజు బిగువుగానైనా కదిలింది. రెండు రోజులు నీళ్ళలో ఉన్నాక కదలడం మానేసింది. కిందికి దించింది దించినట్టే ఉండిపోయింది, తాడు లాగితే తాడే తెగింది. ఆటు మొదలై నీళ్ళు తగ్గిపోతుంటే పలక ఇసుకలో గుచ్చుకుంది. నలుగురం నడుములోతు నీళ్ళలో నిలబడి పడవను పక్కకు ఒరిగించి, కొయ్య సుత్తితో కింది నుంచి కొట్టి కొట్టి పైకి పంపాం. భుజంగరావుగారు ఏదో అన్నారు. అది నీకు రాయలేను.

రామాంజినప్ప తాతను ఏమీ అనకు. కొయ్యలో తప్పు లేదు.

అవ్వా, ఇంక వదిలేద్దాం. నిజంగా అడుగుతున్నా. పలక బాగున్న రోజుల్లో కూడా నేను వారానికి ఒకసారి కంటే తీయలేదు. తూనీగ ఇద్దరి పడవ. నువ్వు ముందు కూర్చునే చోట బరువు లేకపోతే ముక్కు పైకి లేస్తుంది. అందుకని నీ చోట ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు కట్టుకుని తిప్పుతున్నా. శిబిరంలో పిల్లలు ఇద్దరిద్దరు ఎక్కుతారు.

నవ్య


బ్రూక్‌ఫీల్డ్
30 మార్చి 2025

నవ్యకు,

నా బరువు నలభై తొమ్మిది కిలోలు. రెండు క్యాన్లకు నలభై. లెక్కలోనైనా నన్ను పూర్తిగా కూర్చోబెట్టవలసింది.

ఉగాది పచ్చడి మీ అమ్మ నళిని ఫ్లాట్ల మెట్ల కింద దొరికిన వేపపూతతో చేసింది. చేదు సరిపోలేదు. నీవు తిన్నావో లేదో రాయి.

పలక సంగతి. కొయ్య పచ్చిదై ఉండాలి. ఆ మాట అడగడానికి వర్తూరుకు వెళ్తే రామాంజినప్ప బెంచీ మీద నుంచి లేవలేదు, నాకు కుర్చీ మాత్రం తోశాడు. "ఏడేండ్లు నీడలో ఆరిన కొయ్య అమ్మా అది. ఆరింది నా దగ్గిర, బిగువు నీ దగ్గిర" అన్నాడు. మీ తాత ఉన్నప్పుడు ఇలా మాట్లాడే ధైర్యం అతనికి లేదు. ఉండి ఉంటుంది, నేను లేనప్పుడు మాట్లాడి ఉంటాడు. విరిగిన పాత పలక చూస్తే గాని కొత్తది చెయ్యనన్నాడు. రెండు ముక్కలూ వెంటనే నాకు పంపించు.

మీ నాన్న కూడా నీ పక్షమే. "ఇచ్చేయనీ అమ్మా, ఆ పిల్ల ఒకతే ఏం చేసుకుంటాది దాన్ని?" అన్నాడు. పడవ నీ ఒక్కదానిది కాదు, ఇవ్వడానికి. నీకు పంపింది నడపమని, దానం చెయ్యమని కాదు.

మూడో ప్రశ్న ఇప్పటికి మూడుసార్లు అడిగినట్టు. నీవు రెండుసార్లు దాటవేశావు. నేను ముప్పై నాలుగేళ్ళు పరీక్ష పేపర్లు దిద్దాను. జవాబు తెలియనివాళ్ళు ఏదో ఒకటి రాస్తారు. తెలిసీ చెప్పడానికి మొహం చెల్లనివాళ్ళే ఆ నంబరు వదిలేసి తరువాతి దానికి పోతారు. మీ తాత చేతి పని నీ అజాగ్రత్త వల్ల విరిగిందని ఒప్పుకోవడం అంత కష్టమా?

నా ఆరోగ్యం గురించి నీవు అడగలేదు. బాగుంది. ఉదయం ఎనిమిదీ నలభైకి అందరూ ఆఫీసులకు వెళ్ళిపోతారు, ఎనిమిది దాటాక వస్తారు. మొన్న మంగళవారం సరదాకు లెక్కపెట్టాను. సాయంత్రం ఆరు వరకు నేను పలికినవి ముప్పై ఒక్క మాటలు. అందులో తొమ్మిది లిఫ్టు దగ్గర కావలి మనిషితో, నాలుగు పావురాలతో. మిగిలినవి నాతో నేనే అన్నవి, వాటిని లెక్కలో కలపాలో వద్దో తేలలేదు.

సుబ్బలక్ష్మమ్మ


కుందాపుర
9 ఏప్రిల్ 2025

అవ్వా,

ముక్కలు రెండూ నిన్న బస్సులో వేశాను. రామాంజినప్ప తాత పేరు మీద, నేరుగా వర్తూరుకు. నువ్వు మొయ్యాల్సిన పని లేదు, వెళ్ళి చూడాల్సిన పనీ లేదు. రామాంజినప్ప తాతతో ఫోన్‌లో మాట్లాడాను. కొలతలు అతనే చూసుకుంటాడు.

నా అజాగ్రత్త వల్లే విరిగింది. ఇదే జవాబు అనుకో. నీకు కావాల్సింది అదే కదా.

పచ్చడి తినలేదు. ఇక్కడ చేసిపెట్టేవాళ్ళు ఎవరు?

నవ్య


బ్రూక్‌ఫీల్డ్
17 ఏప్రిల్ 2025

నవ్యకు,

నన్ను వెళ్ళవద్దన్నావు కనుక వర్తూరుకు వెళ్ళాను.

రామాంజినప్ప ముక్కలను గోనెసంచిలో పెట్టి బల్ల కింద తోసి ఉంచాడు. "సుమ్నె ఉండమ్మా, ఊరికే కూర్చో, అవి చూసి ఏం చేస్తావు?" అని రెండుసార్లు అన్నాడు. నేనే వంగి లాగాను.

పై ముక్కకు రెండు వైపులా, పెట్టె అంచులు ఆనే చోట, వార్నిషులో గోధుమరంగు ఉన్ని పోగులు అతుక్కుని ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల పచ్చ పోగులు కూడా ఉన్నాయి.

నా మూడో ప్రశ్న అలాగే ఉంది. ఇప్పుడు జవాబు రాయి. నన్ను కాపాడవద్దు.

సుబ్బలక్ష్మమ్మ


కుందాపుర
24 ఏప్రిల్ 2025

అవ్వా,

సరే.

పలక లేవలేదు. ఆ రోజు తాడు కట్టెయ్యలేదు, చేతిలోనే ఉంది. నీటి రంగు మారడం చూశాను, లోతు తగ్గుతోందని తెలిసి తాడు లాగాను. కదల్లేదు. రెండు చేతులతో, కాలు పెట్టెకు తన్నిపట్టి లాగాను. అంతలోనే రాయి తగిలింది. పలక ముడుచుకోవడానికి చోటు లేక, అట్లే నిలబడి విరిగింది. విరిగిన దెబ్బ పెట్టె మీదికి వచ్చి అతుకు చీలింది.

నిజానికి అంతకు ముందే తెలుసుకోవాల్సింది. తాత ఎప్పుడూ చెప్పేవాడు కదా, "అది చప్పుడు చేస్తా ఉంటే బాగుండాదని లెక్క పాపా, మూగదైతే చూసుకోవల్ల" అని. ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ అది మూగదే. మొదట్లో బిగువుగానైనా కదిలేది, వారం వారం ఇంకా బిగుసుకుంది. ఉప్పునీళ్ళు కదా, అందుకేమో అనుకున్నా.

ఒడ్డుకు లాగి పెట్టె లోపల టార్చి వేసి చూస్తే అంచులకు ఉన్ని పట్టీలు ఉన్నాయి. నీళ్ళు తాగి రెండింతలయ్యాయి, సందు నిండా ఇసుక పట్టుకుని ఉంది. కత్తితో ఊడదీశాను. నాలుగు పట్టీలు. నాలుగూ ఒకే పొడవు, ఒకే వెడల్పు, వెంట్రుకవాసి తేడా లేదు. అది చేసింది ఎవరో ఇంకెవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఉతికి ఆరబెట్టాక పచ్చ గీత బయటపడింది. తాత మఫ్లరు.

అవ్వా, నీకు ఎలా రాయాలి? రాస్తే నువ్వు నీ నోటుబుక్కు తీసి, ఎర్ర ఇంకుతో, తేదీ వేసి, తప్పు నీదని రాసుకుంటావు. నువ్వు ఒకసారి ఎర్ర ఇంకుతో రాసింది తరువాత ఎవరూ కొట్టెయ్యలేరు. నన్ను తిడితే నాలుగు రోజులకు మర్చిపోతావు. నిన్ను నువ్వు తిట్టుకుంటే మర్చిపోవు. అందుకని నాదే అన్నాను. నువ్వేమో వదల్లేదు.

ఇచ్చేస్తానన్నది కోపంతో కాదు. గాలి మారినప్పుడల్లా ముందు నుంచి "వాయవ్యం, పది" అని ఎవరో చెబుతారని ఇప్పటికీ తల ఎత్తుతాను. క్యాన్లు కనబడతాయి. అది నా వల్ల కావడం లేదు.

పట్టీలు నా దగ్గర ఉన్నాయి. ఇంకా కొంచెం తాత వాసన వస్తోంది, లేదా అలా అనుకుంటున్నా.

నవ్య


బ్రూక్‌ఫీల్డ్
2 మే 2025

అమ్మణ్ణీ,

నోటుబుక్కు తీశాను. అందులో ఇలా ఉంది: "17 నవంబరు 2024. పెట్టె లోపలి అంచులకు ఉన్ని పట్టీలు నాలుగు, రబ్బరు జిగురుతో అంటించాను. పొడవు ముప్పై, వెడల్పు మూడు సెంటీమీటర్లు. పలక ఊగడం లేదు. శబ్దం ఆగింది." ఏ ఉన్ని అన్నది నేను రాయలేదు. పదకొండేళ్ళలో వస్తువు పేరు రాయని పద్దు అదొక్కటే.

అది ఎందుకు రాయలేదో చెబుతాను. లారీ వచ్చే ముందురోజు మీ అమ్మ బీరువా సర్దుతూ ఆ మఫ్లరు బయటకు తీసి, "ఇది ఎవురికైనా ఇచ్చేద్దామా అత్తా?" అంది. తప్పేమీ లేదు, మంచి ఉన్ని, ఎవరికైనా పనికొస్తుంది. నాకు దాన్ని ఇవ్వడం చేతకాలేదు. ఎదురుగా పెట్టుకోవడమూ చేతకాలేదు. ఆయన తెల్లారి రిజర్వాయరు ఒడ్డున పడవకు తాళ్ళు కట్టేటప్పుడు చెవుల చుట్టూ చుట్టుకునేవారు. అది పడవలోనే ఉంటే బాగుంటుందనిపించింది. ఉన్న ఒక్క శబ్దమూ ఆగిపోతుందనిపించింది. కత్తెర తీసి, స్కేలు పెట్టి కోశాను. కొలిచి కోస్తే అది ఏడుపు అనిపించదు కదా. అందుకని కొలిచాను.

అంటే నేను భద్రం చేశాననుకున్నదే పలకను పట్టేసింది. తరువాత రామాంజినప్ప వద్దన్నా ఇరవై ఒకటిన్నర చేయించి మళ్ళీ అదే చేశాను. పైగా నిన్ను అజాగ్రత్త మనిషివన్నాను, మొహం చెల్లనిదానివన్నాను. ఆ మాటలు తప్పు. పరీక్ష పేపరు దిద్దడంలో నేను పొరబడ్డ సందర్భాలు రెండు ఉన్నాయి. ఇది మూడోది, మిగతా రెండింటి కంటె పెద్దది. నీవు భయపడినట్టే ఎర్ర ఇంకుతో రాయబోయాను. పెన్ను తీశాక, నీ ఉత్తరంలోని వాక్యం గుర్తొచ్చి, నీలం సిరాతో ఒక్క లైను రాశాను: "పలక ఆడటానికి చోటు వదలలేదు. తెలుసుకున్నాను." నీవు వచ్చినప్పుడు కావాలంటే కొట్టెయ్యవచ్చు. అనుమతి ఇస్తున్నాను.

మొన్న రామాంజినప్ప దగ్గరకు వెళ్ళి, పందొమ్మిదే చెయ్యి అన్నాను. అతను నవ్వలేదు, దానికి అతనికి కృతజ్ఞురాలిని. మీ తాత ప్లైవుడ్ అచ్చును వెనక్కి తిప్పి నా ముందు పెట్టాడు. నేను పదకొండేళ్ళుగా దాచిన అచ్చు, వెనకవైపు ఎప్పుడూ చూడలేదు. మూలన పెన్సిలుతో మీ తాత అక్షరాలు: "సందు 3 మి.మీ. సుబ్బు అరుస్తుంది. అరవనీ."

"అన్న రాసినప్పుడు నేను పక్కనే ఉండా" అన్నాడు రామాంజినప్ప. "మరి ఫిబ్రవరిలోనే ఎందుకు చూపలేదు?" అని అడిగాను. "చూపితే అరుస్తావని" అన్నాడు.  తరువాత అతని భార్య చిక్కమ్మ కాఫీ తెచ్చింది. ఆ రోజు మాటల లెక్క నేను రాయలేదు, చాలా అయ్యాయి.

పడవను ఇచ్చేయడం నీ ఇష్టమని ఇప్పుడు రాస్తున్నాను. నీకు పంపింది నీదే. కాని ఇచ్చే ముందు, నీవు దాన్ని క్యాన్లతో కాకుండా మనిషితో ఒకసారి నడిపి చూడాలని నా కోరిక. ఇది ఆజ్ఞ కాదు. కింద రాసినవి మాత్రం ఆజ్ఞలే. ఒక్కొక్కటి అయినకొద్దీ టిక్కు పెట్టు.

1. పెట్టె సందును మూడు చోట్ల, ముందు, మధ్య, వెనక, మళ్ళీ కొలువు. నీవు వేసిన ఫైబరు బట్ట లోపలికి పొంగి ఉంటే ఉప్పుకాగితంతో రుద్ది ఇరవై రెండుకు తేవాలి. కొలతలు పదో తేదీలోగా రామాంజినప్పకు ఫోన్‌లో చెప్పు, నాకు కాదు.

2. అంచుల మీద రబ్బరు జిగురు మిగిలి ఉంటుంది. నేను బాగా అంటించాను. పూర్తిగా గీకెయ్యాలి.

3. నాలుగు పట్టీలలో రెండు నాకు ఉంచు. ఒకటి నీవు ఉంచుకో. నాలుగోదాని పోగులు విప్పి, తెరకొయ్యను పట్టి ఉంచే తాళ్ళకు, కంటి ఎత్తులో, చెరో వైపు ఒకటి కట్టు. గాలి ఎటు ఉందో అవి చూపిస్తాయి. ఉన్ని ఉండవలసిన చోటు అదే, సందులో కాదు.

4. కొత్త పలకను పార్సెలులో వెయ్యడం లేదు. పద్నాలుగో తేదీ బస్సులో నాతోపాటు వస్తుంది. మీ నాన్నకు ఈ సంగతి చెప్పాను, అడగలేదు. "నీకు ఈ వయసులో ఇది కావల్నా అమ్మా?" అన్నాడు. కావాలన్నాను. బస్టాండుకు ఆటోతో రా, పలక నీవు దించు, నా సంచి నేను దించుకుంటాను.

5. భుజంగరావుగారికి కన్నడంలో రాసిన ఉత్తరం ఈ కవరులోనే ఉంది. వానల నాలుగు నెలలు పడవను బోర్లించి పెట్టుకోవడానికి ఆయన ఇంటి వెనక వసారా అడిగాను. ఆ రోజు ఆయన అన్న మాటలకు నేను అర్హురాలినే అని కూడా రాశాను. చదివి నవ్వితే వసారా ఇచ్చినట్టే.

6. క్యాన్లు తీసెయ్యి.

7. పలకను ఇరుసుకు ఎక్కించి పడవను నీళ్ళలో దించాక రెండు రోజులు ఆగాలి. మూడో రోజు, గాలి తక్కువగా ఉన్న వేళ, ఇద్దరం బయలుదేరాలి. పలక టకటకలాడాలి. ఇప్పుడు ఆ చప్పుడు వచ్చినా నాకు వినపడదు, మిషను పెట్టుకున్నా గాలి హోరే వస్తుంది. కనుక అది మొదలైనప్పుడు నీవు ఏమీ చెప్పవద్దు. నా చెయ్యి పట్టుకుని పెట్టె మీద పెట్టు.

నీ అవ్వ,
సుబ్బలక్ష్మమ్మ